తీగల మీద నిలబడే కొయ్య

దుర్గం చెరువు తీగల వంతెన దగ్గర సాయంత్రం పూట ఫొటోలు దిగేవాళ్లంతా స్తంభాల కొసల వైపు చూస్తారు. రంగుల దీపాలు అక్కడే కదా వెలిగేది. నా చూపు మాత్రం కొన్నాళ్లుగా కిందికే పోతోంది, తీగ వచ్చి వంతెన అంచులో దిగబడే చోటికి. 2020 సెప్టెంబరు 25న ప్రారంభమైన ఈ వంతెనకు రెండు స్తంభాల మధ్య దాదాపు 234 మీటర్ల దూరం. ఆ మధ్యలో నీళ్లలో ఒక్క కాలు కూడా లేదు. వంతెన బరువులో చాలా భాగాన్ని తీగలు అందుకుని స్తంభాల మీదికి చేరవేస్తాయి, స్తంభాలు దాన్ని నేలలోకి దించుతాయి. తీగ పని లాగడం. స్తంభం పని అదుముడు ఓర్చుకోవడం. ఈ రెండింటిలో దేని పని దానిదని అర్థమైతే చిన్న తెరచాప పడవకు కొయ్య ఎత్తడం సగం వచ్చినట్టే.

ఈ సంగతి నాకు వంతెన నేర్పలేదు, పడవ నేర్పింది. మాదాపూర్‌లో ఒకే ఆఫీసులో పనిచేసే నలుగురం కలిసి ఓ పాత ఎంటర్‌ప్రైజ్ పడవ కొన్నాం. ఎంటర్‌ప్రైజ్ అనేది పడవ తరగతి పేరు. 1956లో జాక్ హోల్ట్ అనే ఇంగ్లండ్ నిపుణుడు గీసిన నమూనా. పొడవు 4.04 మీటర్లు, ఇద్దరు నడిపే పడవ, లేత నీలం తెరచాపలు దాని గుర్తు. సముద్రం ఒడ్డున కొన్నేళ్లు తిరిగిన పడవ మా చేతికి వచ్చింది. పడవ ఒక ముక్క, కొయ్య ఒక ముక్క, గోనెసంచిలో తీగలూ తాళ్లూ మరలూ. అమ్మినాయన అన్నీ ఉన్నాయన్నాడు. అన్నీ ఉన్నాయి కూడా. ఏది ఎక్కడిదో తెలియడమే మిగిలింది.

కొయ్య అని అలవాటుగా అంటున్నాను గానీ ఇప్పుడవి అల్యూమినియం గొట్టాలు. పడవల దగ్గర అందరూ మాస్ట్ అనే అంటారు. తెరచాపను ఎత్తి పట్టే నిలువు స్తంభం అది. దాని అడుగు పడవలో చిన్న గుంటలోనో, లోహపు పీఠం మీదో ఆనుతుంది. కొత్తగా చూసేవాళ్లు ఆ అడుగే దాన్ని నిలబెడుతుందనుకుంటారు. మనకు తెలిసిన స్తంభాలన్నీ అలాంటివే మరి. కరెంటు స్తంభాన్ని గుంతలో పాతుతారు, ధ్వజస్తంభానికి పునాది ఉంటుంది. ఎంటర్‌ప్రైజ్ లాంటి పడవలో కొయ్య పాతుకుని ఉండదు, ఊరికే ఆని ఉంటుంది. దాన్ని నిలబెట్టేవి మూడు తీగలు. ముక్కు వైపు లాగేది ఫోర్‌స్టే. కుడి ఎడమల అంచులకు, కొయ్యకు కాస్త వెనగ్గా దిగేవి రెండు ష్రౌడ్లు. పక్క తీగలు రెండూ కాస్త వెనక్కి లాగుతుంటే ముందు తీగ ముందుకు లాగుతుంది. మూడు దిక్కుల లాగుడు మధ్య కొయ్య కదలకుండా ఉంటుంది.

దీనికి మనకు తెలిసిన దగ్గరి పోలిక షామియానా గుంజ. పెళ్లింటి ముందు షామియానా వేసేవాళ్లు గుంజను నేలలో పాతరు. తారు రోడ్డు మీద పాతడం కుదరదు కూడా. గుంజ ఊరికే నిలబడుతుంది, తాళ్లు దాన్ని పట్టుకుంటాయి. కొండాపూర్‌లో మా వీధిలో షామియానాలు వేసే ఒకాయనకు మా కొయ్య చూపించి ఎలా లేపుతావన్నా అని అడిగాను. ఆయన గుంజ వైపు చూడనే లేదు. తీగల కొసలు చేతిలోకి తీసుకుని, "సార్, గుంజ లేపుడు పెద్ద పని కాదు. తాళ్లు పట్టేటోళ్లు ముందుగాల నిలబడాలె. గుంజ లేచినంక తాడు దేవులాడితే అయిపాయె," అన్నాడు. తర్వాత నేను చదివిందీ చూసిందీ అంతా ఈ మాటకు వివరణే.

మన వైపు ఈ విద్య చాలా పాతది. క్రీస్తు శకం రెండో శతాబ్దం చివర పాలించిన యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు నాణేలు కొన్నింటి మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. బాగా నిలిచిన నాణెం మీద కొయ్య కొస నుంచి దిగే తాళ్ల గీతలు కూడా కనిపిస్తాయి. వేలి గోరంత చోటులో ఓడ బొమ్మ చెక్కిన మనిషి ఆ తాళ్లను వదిలేయలేదంటే, తాడు లేని కొయ్య కొయ్యే కాదని అతనికి తెలుసు.

హైదరాబాద్‌కు సముద్రం లేదు, తెరచాపలు మాత్రం ఉన్నాయి. 1562లో కట్టిన హుస్సేన్‌సాగర్ మీద సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్ ఏళ్లుగా పడవలు నడుపుతున్నాయి. వానాకాలంలో పడమటి గాలి తిరగగానే లేజర్ పడవల పోటీలు హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పేరుతో జరుగుతాయి. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లల్ని కూడా నీళ్ల మీదికి తీసుకొచ్చింది. హైటెక్ సిటీ నుంచి ట్యాంక్‌బండ్ వైపు ఆదివారం పొద్దున్న పెద్ద దూరమేమీ కాదు. ఐటీ కారిడార్‌లో వారమంతా తెర ముందు కూర్చునేవాళ్లు ఆ ఒడ్డుకు వెళ్లి చేతులతో ఒక పని నేర్చుకోవాలని నా కోరిక. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పాత పడవ కొన్నవాళ్లు మొదటి రోజే కొయ్య ఎత్తకూడదు. నాలుగు స్టూళ్ల మీదో ఇటుకల మీదో దాన్ని పడుకోబెట్టి ఒక పూటంతా దానితో గడపాలి. నిలబడ్డాక దాని కొస మీ చేతికి అందదు. ఆరు మీటర్ల పైన ఏ గిలక బిగుసుకుపోయినా, ఏ తాడు తప్పుకున్నా మళ్లీ దించాల్సిందే. తెరచాపను పైకి లాగే తాడు కొసలోని గిలక మీదుగా పోతుంది. ఆ తాడు రెండు కొసల్నీ కింద గట్టిగా ముడి వేసి కట్టేయాలి. ఒక కొస జారి గొట్టంలోకి పోయిందంటే కొయ్య దించి, సన్నని దారం లోపలికి పంపి, దాని వెంట తాడు లాగుకోవాలి. గిలక తిరుగుతోందో లేదో పడుకోబెట్టి ఉన్నప్పుడే తాడు లాగి చూసుకోవాలి.

తర్వాత లోహం. స్టీలు మర, అల్యూమినియం గొట్టం రెండూ తడిలో ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే అల్యూమినియం తినేసుకుపోతుంది. ఉప్పునీళ్లలో ఇంకా వేగంగా. రివెట్ల చుట్టూ తెల్లటి పొడి, రంగు బొబ్బలెక్కి లేవడం దాని గుర్తులు. అడుగు భాగం తడి నిలిచే చోటు కాబట్టి అక్కడ మరింత జాగ్రత్తగా చూడాలి. సముద్రం నుంచి వచ్చిన పడవైతే అన్నిటికన్నా ముందు మంచినీళ్లతో ధారాళంగా కడగాలి. మా కొయ్య అడుగున స్క్రూడ్రైవర్ కొసతో మెల్లగా గోకితే పొడి రాలింది, కింద లోహం గట్టిగానే ఉంది. గోకినప్పుడు కొస లోపలికి దిగబడితే ఆ గొట్టాన్ని ఎత్తే ఆలోచన మానుకోవాలి.

తీగల్ని చూసే పద్ధతి ఇంకా సులువు. ఒక్కో ష్రౌడ్ పందొమ్మిది సన్నని స్టీలు పోగులు పెనవేసిన తీగ. పోగు ఒకటి తెగితే దూరానికి కనపడదు, చేత్తో తడిమితే మాత్రం సూదిలా దిగుతుంది. కాబట్టి వట్టి చెయ్యి పెట్టకూడదు. పాత నూలు బనియను గుడ్డ ఒకటి తీగ చుట్టూ వదులుగా పట్టుకుని పై కొస నుంచి కింది దాకా లాగాలి. మా ఎడమ ష్రౌడ్ మీద గుడ్డ సాఫీగా జారుకుంటూ వచ్చి, కింది కొస ఇంకా జానెడు ఉందనగా టక్కున ఆగింది. విప్పి చూస్తే నూలు పోగొకటి స్టీలు పోగుకు చిక్కుకుని ఉంది. తీగ లోహపు గొట్టంలోకి దూరి బిగిసే చోటు అది. నీరు అక్కడే నిలుస్తుంది, కదలిక అక్కడే ఆగుతుంది, పోగులు అక్కడే అలసిపోతాయి. ఒక్క పోగే కదా, ఇంకా పద్దెనిమిది ఉన్నాయి కదా అని మాలో ఒకరన్నారు. ఒకటి తెగిందంటే మిగతావీ అదే వయసువి, అదే దెబ్బ తిన్నవి. తీగ మార్చాం.

ఆ తీగ మీద ఎంత బలం పడుతుందో లెక్క వేసుకుంటే ఈ జాగ్రత్త ఎందుకో తెలుస్తుంది. తీగ కొయ్యకు నాలుగున్నర మీటర్ల ఎత్తులో తగులుకుని, కింద కొయ్యకు 70 సెంటీమీటర్ల పక్కగా పడవ అంచులో దిగుతుందనుకుందాం. అంటే తీగ దాదాపు నిలువుగానే ఉంది, పక్కకి వంపు చాలా తక్కువ. గాలి ఆ ఎత్తులో కొయ్యను 30 కిలోల బలంతో పక్కకి నెట్టిందంటే, ఆ నెట్టుడును ఆపడానికి తీగ దాదాపు 195 కిలోల బలంతో లాగాలి. లాగుడులో పక్కకి పనికొచ్చేది కొంచెమే, మిగతాదంతా కొయ్యను కిందికి అదుముతుంది. 30 కిలోల గాలికి కొయ్య అడుగున 190 కిలోల పైచిలుకు బరువు పడుతుందన్నమాట. పడవ ఎంత సన్నగా ఉంటే తీగల మీద అంత భారం. పల్లెల్లో కొయ్యను నాలుగు వైపులా దూరదూరంగా మోకులు కట్టి నిలబెట్టడం ఎప్పుడైనా చూసే ఉంటారు. పడవలో అంత దూరం జరగడానికి చోటే లేదు.

ఆ 195 కిలోలూ చివరికి వచ్చి ఆగేది చిటికెన వేలి కన్నా సన్నని చీల మీద. తీగ కింది కొసను పడవ అంచులోని లోహపు పట్టీకి కలిపేది ఆ చీలే. చీల జారిపోకుండా దాని కొసన ఉన్న బెజ్జంలో చిన్న ఉంగరం దూరుస్తారు, కొన్నిచోట్ల చీలిన పిన్ను. ఎడ్లబండి ఎరిగినవాళ్లకు దీన్ని ఒక్క మాటలో చెప్పొచ్చు, కడచీల. చక్రం ఎంత గట్టిదైనా కడచీల ఊడితే బండి ఒరిగిపోతుంది. పాత పడవతో వచ్చిన ఉంగరాలు వంగి, సాగి ఉంటాయి. ఖర్చు చూడకుండా అన్నీ కొత్తవి వేయండి.

ఇక ఎక్కడ ఎత్తాలనేది. చాలామంది అపార్ట్‌మెంట్ ముందు వీధిలోనే ఒకసారి ఎత్తి చూద్దామనుకుంటారు. మేమూ అనుకున్నాం. దయచేసి ఆ పని చేయకండి. మన వీధుల్లో కరెంటు తీగలు ఎంత కిందికి వేలాడతాయో తల ఎత్తితే తెలుస్తుంది. అల్యూమినియం కొయ్య, స్టీలు తీగలు, వాటిని పట్టుకున్న నాలుగు జతల చేతులు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తగిలి ఐదుగురు ప్రాణాలు పోయాయి. ప్రతి ఏటా వినాయకుడి మండపాల కాలంలో ఇలాంటి కబుర్లు వింటూనే ఉంటాం. నిలబడ్డ కొయ్య ఎత్తుతో బాటు, ఎత్తేటప్పుడు అది గీసే అర్ధచంద్రం మొత్తం ఖాళీగా ఉండాలి. పక్కకి పడితే ఎక్కడ పడుతుందో ఆ చోటు కూడా. చెరువు ఒడ్డుకు చేరాక కూడా మొదట తల పైకెత్తి చూడాలి, పడవను బండి మీద నీళ్ల దాకా తోసే దారంతా చూడాలి. కొయ్య నిలబడ్డ పడవను తోసేటప్పుడు అందరి చూపూ చక్రాల మీదే ఉంటుంది.

నీళ్లలో కాకుండా ఒడ్డు మీదే ఎత్తడం మంచిది. నీళ్ల మీద పడవ కూడా కదులుతుంది, ఎత్తేవాళ్లు ఒక పక్కకి చేరితే ఒరుగుతుంది. హుస్సేన్‌సాగర్‌కు ఆ పాఠం చేదుగా తెలుసు. 1990 మార్చి 10న బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బార్జి ఒరిగి విగ్రహం నీట మునిగింది, మనుషులు పోయారు. 1992 డిసెంబరు 1న గానీ బుద్ధుడు తన పీఠం మీద నిలబడలేదు. మన పది కిలోల గొట్టానికీ ఆ భారీ శిలకూ పోలిక లేదు. తేలే వస్తువు మీద బరువు పైకి పోయేకొద్దీ ఒరుగుడు ప్రమాదం పెరుగుతుందన్న సూత్రం మాత్రం రెండింటికీ ఒకటే.

ఒడ్డు మీద పడవ బండి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, పడవ ముక్కు గాలికి ఎదురుగా తిప్పాలి. గాలి ముక్కు నుంచి వస్తే కొయ్యను వెనక్కే నెడుతుంది. వెనక్కి నెడితే మనం ఆపగలం, పక్కకి నెడితేనే కష్టం. కొయ్యను పడవ పొడవునా పడుకోబెట్టాలి, అడుగు పీఠం దగ్గర, కొస వెనక వైపు గాలిలో పొడుచుకుని. రెండు పక్క తీగల్నీ ముందే వాటి పట్టీలకు తగిలించి, చీలలు వేసి, ఉంగరాలు దూర్చాలి. ముందు తీగకు ఒక పొడవాటి తాడు కట్టి ముక్కు దగ్గర నిలబడ్డ మనిషి చేతికివ్వాలి. ఒకరు అడుగు జారకుండా పీఠం దగ్గర కాలు ఆన్చి పట్టుకోవాలి. ఒకరు వెనక నుంచి కొయ్యను భుజం మీదికి ఎత్తి, చేతులు మార్చుకుంటూ ముందుకు నడవాలి. మొత్తం ముగ్గురు. నాలుగో మనిషి దూరంగా నిలబడి చూడ్డానికి. చిక్కుకున్న తీగ మొదట కనపడేది అతనికే, ఆగమని చెప్పే హక్కూ అతనిదే.

బరువు లెక్క చూస్తే ఇది భయపడేంత పనేమీ కాదు. ఆరు మీటర్ల కొయ్య పది కిలోలుందనుకోండి. దాని బరువు మధ్య బిందువు అడుగు నుంచి 2.8 మీటర్ల దూరంలో ఉందనుకుంటే, అడుగు నుంచి రెండు మీటర్ల దగ్గర పట్టుకుని ఎత్తేవాడికి మొదట్లో తెలిసే బరువు 14 కిలోలు. బియ్యం బస్తా అంత కూడా కాదు. పైకి లేచేకొద్దీ ఇంకా తేలికవుతుంది. చిక్కంతా పక్క ఊపులో ఉంది.

పక్క తీగలు తగిలించే ఉన్నాయి కదా, పక్కకి ఎందుకు పడుతుందని అడగొచ్చు. మొదట్లో నాకూ అర్థం కాలేదు. పక్క తీగలు దిగే చోటు కొయ్య అడుగుకు కాస్త వెనగ్గా ఉందని చెప్పాను కదా. కొయ్య వెనక్కి పడుకుని ఉన్నప్పుడు దాని కొస ఆ చోటుకు దగ్గరవుతుంది, కాబట్టి తీగలు వదులుగా వేలాడతాయి. కొయ్య పూర్తిగా నిలువయ్యాకే బిగుస్తాయి. అంటే ఎత్తుతున్నంతసేపూ, సరిగ్గా అవసరమైన వేళలో, పక్క తీగలు ఏ పనీ చేయవు. తీగలు దిగే చోటు కొయ్య తిరిగే బిందువుకు సరిగ్గా పక్కనే, అదే ఎత్తులో ఉండే పడవల్లో మాత్రం ఎత్తినంతసేపూ తీగలు ఒకే బిగువులో ఉంటాయి. మీ పడవ ఏ రకమో ఎత్తేముందే చూసుకోండి. వెనక రకమైతే కొయ్య నడుముకు రెండు పక్కలా రెండు తాళ్లు కట్టి ఇద్దరు మనుషుల్ని నిలబెట్టండి. దూరంగా చూసే మనిషితో కలిపి ఇప్పుడు ఆరుగురవుతారు. ఆదివారం చెరువు ఒడ్డున మనుషులకు కొదవ లేదు, అడిగితే ఎవరైనా చెయ్యి వేస్తారు.

మేం మొదటిసారి ఆ తాళ్లు కట్టలేదు. నేను వెనక నుంచి ఎత్తుతున్నాను, అరవై డిగ్రీల దాకా లేచింది, బరువు తగ్గిందని చేతులు కాస్త సడలించాను. ఎడమ తీగ పడవ అంచులోని ఒక మేకు కింద ఇరుక్కుని ఉంది. తీగ ఒక్కసారిగా బిగిసి కొయ్యను ఎడమకు గుంజింది. ఆ గుంజుడుకు ఉంగరం లేని చీల ఒకటి ఎగిరి గడ్డిలో పడింది. ఉంగరం తర్వాత వేద్దామని జేబులో పెట్టుకున్నది నేనే. కొయ్య కుడి పక్కకి తిరిగి, పడవ అంచుకు కొట్టుకుని, గడ్డిలో పడింది. అక్కడ అర నిమిషం ముందు ఒక చిన్న పిల్లాడు నిలబడి చూస్తుంటే, దూరంగా ఉన్న మా నాలుగో మనిషి చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కొయ్యకు చిన్న సొట్ట పడింది. ఆ ఉంగరం సాయంత్రం ఇంటికొచ్చాక కూడా నా చొక్కా జేబులోనే ఉంది.

మా పడవ కన్నా పెద్ద పడవలకు, అంటే లోపల పడుకోవడానికి చోటుండే ఐదారు మీటర్ల పడవలకు, భుజం చాలదు. అక్కడ కొయ్య ఏడు మీటర్లు, ఇరవై కిలోలు ఉండొచ్చు. ముందు తీగ పట్టుకుని ముక్కు దగ్గర నుంచి లాగితే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. కొయ్య చదునుగా పడుకుని ఉంటే ముందు నుంచి లాగే తాడు కూడా దాదాపు కొయ్య వెంబడే ఉంటుంది. ఎంత లాగినా అది కొయ్యను అడుగు వైపు నెడుతుంది తప్ప పైకి లేపదు. లాగుడుకు కొంత ఎత్తు కావాలి. దానికి రెండు మీటర్ల పొట్టి గడ ఒకటి తెచ్చి కొయ్య అడుగునే నిలువుగా బిగిస్తారు, జిన్‌పోల్ అంటారు దాన్ని. కొయ్య నుంచి తాడు ఆ గడ కొసకు, అక్కడి నుంచి ముక్కు దగ్గరి గిలకలకు. కొయ్యా గడా ఎల్ ఆకారంలో కలిసి తిరుగుతాయి. కొయ్య లేస్తుంటే గడ ముందుకు వాలుతుంది.

బరువు మధ్య బిందువు 3.3 మీటర్ల దగ్గర ఉండి, ముక్కు కొయ్యకు రెండు మీటర్ల ముందుంటే, మొదలుపెట్టినప్పుడు ముక్కు దగ్గరి తాడు మీద దాదాపు 47 కిలోల లాగుడు కావాలి. నాలుగు మడతల గిలకల తాడు ఉంటే చేతికి తెలిసేది 12 కిలోలు, రాపిడితో ఇంకాస్త. కొయ్య సగం లేచేసరికి 47 కాస్తా 25 అవుతుంది. నిలువుకు దగ్గరయ్యేసరికి దాదాపు ఏమీ ఉండదు. ఇలా ఒక్క మనిషి కూడా కొయ్య ఎత్తగలడు. గడ కొస పక్కకి తిరగకుండా దానికీ రెండు పక్క తాళ్లు ఉండాలి, గడ జారితే కొయ్య అంతా ఒకేసారి వెనక్కి పడుతుంది. బరువు మోస్తున్న తాడుకు ఎదురుగా తల పెట్టి నిలబడకూడదు.

కొయ్య నిలువైంది. ముందు తీగ ముక్కుకు తగిలింది, చీల పడింది, ఈసారి ఉంగరం కూడా పడింది. అప్పుడు గానీ పట్టుకున్న చేతులు వదలకూడదు. తీగల్ని బిగించే మరలు ఒక్కసారిగా కాక కుడి కొంచెం, ఎడమ కొంచెం తిప్పాలి. నిటారుగా ఉందో లేదో కంటితో చెప్పలేం. తెరచాప తాడు కొసను కుడి పక్క పట్టీ దాకా తెచ్చి, అందిన చోట గుర్తు పెట్టి, అదే తాడు ఎడమ పక్క పట్టీ దాకా తెస్తే గుర్తు అక్కడికే అందాలి. వేలెడు తేడా ఉంటే, తాడు అందని వైపు తీగ మర బిగించాలి. ముందూ వెనకల వాలు చూడ్డానికి తాపీ మేస్త్రీ గోడకు పట్టే గుండు చాలు. అదే తాడుకు కట్టి వేలాడదీస్తే కొయ్య అడుగుకు ఎంత వెనక వేలాడుతోందో చూడొచ్చు. కొయ్య మరీ వెనక్కి వాలితే పడవ తనంతట తాను గాలి వైపు ముక్కు తిప్పుతూ చుక్కాని పట్టుకున్న చేతిని లాగుతుంటుంది. మరీ ముందుకు వాలితే ఎదురు స్వభావం. ఇది ఒక్కసారితో తేలేది కాదు, నాలుగు ఆదివారాల పని. మరల చీలలకు పైన టేపు చుట్టండి, లేదంటే తెరచాప వాటికి చిక్కి చిరుగుతుంది.

లేజర్ పడవల సంగతి చాలా తేలిక. 4.2 మీటర్ల ఆ పడవలో తీగలే లేవు. రెండు ముక్కల కొయ్యను ఒకటి చేసి, దాని మీద తెరచాపను దిండు గలేబులా తొడిగి, నిలువుగా ఎత్తి పడవ బెజ్జంలో దించుతారు. పిల్లల ఆప్టిమిస్ట్ పడవ కొయ్య కూడా అలాగే బెజ్జంలో నిలుస్తుంది. అక్కడ లాగుడంతా బెజ్జం అంచుల మీద పడుతుంది, కాబట్టి పాత పడవ కొనేటప్పుడు చూడాల్సింది ఆ బెజ్జాన్ని. లోపల ఇసుక రేణువులుంటే కొయ్య తిరిగినప్పుడల్లా ఆకురాయిలా అరగదీస్తాయి. కొయ్య ఊడి రాకుండా చిన్న తాడుతో పడవకు కట్టడం మరిచిపోతే, పడవ బోర్లా పడ్డప్పుడు కొయ్య కిందికి జారుతుంది.

దించడం ఎత్తడానికి తిరగేసిన క్రమం. అలసిపోయి, చీకటి పడుతూ, ఇంటికి పోదామన్న తొందరలో చేసేది కాబట్టి మనుషుల్ని ముందే అడిగి ఉంచుకోండి. ముందు తీగ విప్పేముందు కొయ్యను ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి.

మూడో ఆదివారం మా పడవ నీళ్లలోకి దిగింది. జూలై గాలి, పడమటి నుంచి, మరీ బలంగా లేదు. ఒడ్డు దాటి పడవ ఒక పక్కకి ఒరిగి పరుగందుకోగానే నా పక్కన కూర్చున్న స్నేహితుడు కుడి తీగ చూపించి గాభరాపడ్డాడు. అంత బిగించిన తీగ చేత్తో ఊపితే ఊగుతోంది, మర ఊడిందేమో అన్నాడు. ఊడలేదు. గాలి ఎడమ నుంచి వస్తోంది, కొయ్య కొంచెం కుడికి వంగింది, కుడి తీగకు ఇప్పుడు పని లేదు. నేను ఎడమ తీగ మీద వేలు పెట్టమన్నాను. పెట్టి, వెంటనే తీసేశాడు. ఆ తీగ సన్నగా వణుకుతోంది, తంబూర తీగలా.